దారి పక్కన దాచిన పిట్టకథ

మొన్న ఎండాకాలం మా అన్న కొడుకు ఇంటర్ పరీక్షలు రాసి దొనకొండ వచ్చాడు. మే నెలలో దొనకొండ ఎండ ఎట్లా ఉంటుందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున పది దాటితే వీధిలో మనిషి కనపడడు. వాడు కూలర్ ముందు మంచం వేసుకుని లాప్‌టాప్‌లో ఆట ఆడుకుంటున్నాడు. పక్కనే చాప మీద కూర్చుని మా అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నా చేతిలో పేపరు ఉంది కానీ చూపంతా వాడి తెర మీదే ఉంది.

ఆట పేరు స్కైరిమ్. 2011 నవంబరు 11న విడుదలైంది. మంచు కొండలు, పాడుబడ్డ కోటలు, డ్రాగన్లు ఉన్న ఒక పెద్ద దేశంలోకి మనల్ని వదిలేస్తారు. ఎటు పోవాలన్నా పోవచ్చు. లోకాన్ని మింగడానికొచ్చిన డ్రాగన్‌ని చంపడం అసలు కథ. వాడు ఆ పని మీదే పోతూ, ఉత్తర సముద్రపు ఒడ్డున కొండ అంచు మీద ఒక లైట్‌హౌస్ చూశాడు. ఏముందో చూద్దామని దారి వదిలి పైకెక్కాడు.

లోపల ఒక ఆడమనిషి చచ్చిపడి ఉంది. ఎవరు చంపారో తెలియదు. ఇంట్లో ఆ కుటుంబం రాసుకున్న కాగితాలు దొరికాయి. ఒకప్పుడు సముద్రం మీద బతికిన మనిషి, పెళ్లాం బిడ్డలతో ఈ లైట్‌హౌస్‌లో స్థిరపడ్డాడు. రాత్రిళ్లు నేలకింద నుంచి ఏవో చప్పుళ్లు వస్తున్నాయని పిల్లలు భయపడ్డారు. తర్వాత ఏమైందో ఆ కాగితాల మధ్య మనమే పూరించుకోవాలి. వాడు నేలమాళిగ తలుపు తీసి, మంచు సొరంగాల్లో దిగి, కళ్లులేని పిశాచాల్లాంటి వాటితో కొట్లాడుతూ అడుగుకు చేరాడు. అక్కడ దున్నపోతంత పురుగు ఒకటి ఉంది. దాన్ని చంపితే దాని ఒంట్లో ఆ ఇంటి తండ్రి అవశేషాలు బయటపడ్డాయి.

ఇక్కడ వాడు ఆగాడు. ఆ కాగితాల్లో ఒక కోరిక ఉంది. తను పోయాక తన దేహాన్ని లైట్‌హౌస్ పైన వెలిగే మంటలోనే దహనం చెయ్యాలని, అక్కడైతే ఎప్పటికీ సముద్రాన్ని చూస్తూ ఉండొచ్చని ఆ మనిషి కోరుకున్నాడు. అది చెయ్యమని ఆట చెప్పదు. చెయ్యాల్సిన పనుల జాబితాలో దాని పేరు ఎక్కదు, దారి చూపించే బాణం ఉండదు. వాడు అంత దూరం మళ్లీ పైకెక్కి, ఆ అవశేషాలను మంటలో పెట్టాడు. తెర మీద చిన్న మాట ఒకటి వచ్చింది. నావికుడికి విశ్రాంతి దొరికిందని దాని భావం. ఇక నుంచి వాడి గాయాలు మాన్పే మంత్రాలు పది శాతం ఎక్కువ పనిచేస్తాయి. అంతే బహుమానం.

"ఏం చేశావురా అక్కడ?" అని అమ్మ అడిగింది.

"వాళ్ల నాన్న అస్థికలు, నాయనమ్మా. ఆ మంటలో కలపమని రాసుకున్నాడు. కలిపాను."

"చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెయ్యకపోయినా ఏం కాదు. లిస్టులో కూడా రాదు."

అమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. మా నాన్న అస్థికలు కృష్ణలో కలిపి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "మంచి పని చేశావు నాయనా" అని, మళ్లీ గింజలు తియ్యడంలో పడింది.

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. ఎవరూ చూడకపోవచ్చని తెలిసి కూడా ఇంత కథను ఒక కొండ కొమ్మున ఎందుకు దాచారు? ఈ దాచే అలవాటు ఎక్కడ పుట్టింది? నెలరోజులు చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. దొరికింది రాస్తున్నాను.

ఆటలాడే పిల్లలు దీన్ని సైడ్ క్వెస్ట్ అంటారు. మనకు అంతకన్నా చక్కని మాట ఉంది. పిట్టకథ. హరిదాసు రుక్మిణీ కల్యాణం చెబుతూ చెబుతూ, చిడతలు ఆపి, "వెనకటికి ఒక పిసినారి ఉండేవాడట" అని వేరే దారి పడతాడు. రుక్మిణి పెళ్లి ఎట్లా జరిగిందో పందిట్లో అందరికీ తెలుసు. జనం కూర్చునేది ఆ పిసినారి కోసం కూడా. మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. మణిసిద్ధుడనే యతి, పశువులు కాసుకునే కుర్రాడు, ఇద్దరూ కాశీకి నడుస్తుంటారు. ప్రతి మజిలీలో కుర్రాడు ఊళ్లోకి పోయి ఏదో వింత చూసొచ్చి దాని కథ చెప్పమంటాడు. కాశీ చేరడం అసలు పని. చదివిన మనకు మిగిలేది మజిలీలే.

అయితే పిట్టకథ చెప్పేవాడే చెబుతాడు, మనం వింటాం. ఆటలో చెప్పేవాడు కనపడడు. వెతికినవాడికి దొరుకుతుంది, వెతకనివాడికి అది ఉన్నట్టే తెలియదు. ఈ తేడా ఎప్పుడొచ్చిందో చూస్తే అమెరికాలో ఒక తండ్రి దగ్గరికి పోవాలి.

ఆయన పేరు విల్ క్రౌథర్. మసాచుసెట్స్‌లో బీబీఎన్ అనే కంపెనీలో ప్రోగ్రామర్. ఇవాళ్టి ఇంటర్నెట్‌కి ముందు రూపమైన అర్పానెట్‌ను కట్టినవాళ్లలో ఒకడు. భార్య పాట్, ఆయన ఇద్దరూ గుహలు దూరి చూసేవాళ్లు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహ, పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహల వరస లోపల కలుస్తాయని 1972 సెప్టెంబరులో ఒక బృందం కనిపెట్టింది. ఆ బృందంలో పాట్ ఉంది. క్రౌథర్ ఆ గుహల కొలతలను కంప్యూటర్‌లో ఎక్కించి పటాలు గీసేవాడు. తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. కూతుళ్లు అప్పుడప్పుడూ వచ్చి పోయే పిల్లలయ్యారు. తాను దూరిన గుహను వాళ్లకు చూపించాలని, వాళ్లు వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఏదో ఉండాలని, 1975-76 ప్రాంతంలో ఫోర్‌ట్రాన్ భాషలో ఒక ఆట రాశాడు. అందులో బొమ్మలు లేవు. "నువ్వు ఫలానా చోట నిలబడ్డావు, ఉత్తరాన ఒక సందు ఉంది" అని అక్షరాల్లో వస్తుంది. మనం "ఉత్తరం" అని టైపు చేస్తే అటు పోతాం. అదే కొలోసల్ కేవ్ అడ్వెంచర్. మామత్ గుహల్లో బెడ్‌క్విల్ట్ అనే భాగాన్ని ఎంత శ్రద్ధగా దింపాడంటే, ఆట ఆడినవాళ్లు తర్వాత అసలు గుహలోకి పోయినప్పుడు దారులు గుర్తుపట్టారని చెప్పుకుంటారు.

పిల్లలకు దూరమైన తండ్రి చేసిన పని ఇది. వీడియో ఆటల్లో వెతికి తిరగడం అనేదంతా ఇక్కడి నుంచే వచ్చిందని తెలిసినప్పుడు నాకు గొంతు పట్టుకుంది.

ఆట అర్పానెట్ మీద ఆ కంప్యూటర్ నుంచి ఈ కంప్యూటర్‌కు పాకింది. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి దొరికింది. అది ఎవరు రాశారో పేరు మాత్రమే తెలిసి, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కు క్రౌథర్ పేరు మీద ఉత్తరం పంపాడు. జవాబొచ్చింది, అనుమతి దొరికింది. 1977లో వుడ్స్ దాన్ని పెంచి, ఇంకా నిధులు చేర్చి మొత్తం 350 మార్కులు పెట్టాడు. ఎంత బాగా ఆడినవాళ్లకైనా 349 దగ్గర ఆగిపోయేది. ఆ మిగిలిన ఒక్క మార్కు ఎక్కడుంది? గుహలో ఒక మూల గుహలు దూరేవాళ్ల పత్రిక ఒకటి పడి ఉంటుంది. దాన్ని తీసుకుపోయి, విట్స్ ఎండ్ అనే, బయటపడడం మహా కష్టమైన ఒక చోట కింద పెట్టాలి. దానివల్ల తలుపు తెరుచుకోదు, నిధి రాదు. ఒక్క మార్కు వస్తుంది. ఆ ఒక్క మార్కు కోసం జనం రాత్రిళ్లు కూర్చున్నారు. నాకు తెలిసినంతలో మా వాడు లైట్‌హౌస్‌లో చేసిన పనికి ముత్తాత ఇదే.

ఇక దాచడమంటే ఏమిటో పూర్తిగా చూపించిన మనిషి వారెన్ రాబినెట్. ఆయన గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

రాబినెట్ అటారీ కంపెనీలో ప్రోగ్రామర్. స్టాన్‌ఫర్డ్‌లో క్రౌథర్, వుడ్స్‌ల గుహను ఆడి, దీన్ని టీవీకి తగిలించే ఆటపెట్టెలోకి, బొమ్మలతో తేవాలనుకున్నాడు. అటారీ 2600 పెట్టెలో ఆట మొత్తానికి 4 కిలోబైట్లే చోటు. మనం ఫోన్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకు ఎన్నో రెట్లుంటుంది. ఆట నడిచేటప్పుడు పెట్టె గుర్తుంచుకోగలిగింది 128 బైట్లు. కుదరదని పైవాడు చెప్పినా రాబినెట్ వదల్లేదు. మూడు కోటలు, తికమక దారులు, మూడు డ్రాగన్లు, ఒక కత్తి, ఒక వంతెన, ఒక గబ్బిలం, వెతకాల్సిన పానపాత్ర, అన్నీ కలిపి 30 గదుల లోకం కట్టాడు. ఆట పేరు అడ్వెంచర్.

అటారీలో ఒక పద్ధతి ఉండేది. ఆట ఎవరు చేశారో అది అమ్మే డబ్బా మీద వెయ్యరు. రాబినెట్ జీతం ఏడాదికి 22 వేల డాలర్ల దాకా. అమ్ముడైన దానిలో వాటా లేదు. అడ్వెంచర్ తర్వాత పది లక్షల కాపీలు అమ్ముడైంది. పేరు లేకపోవడం భరించలేక నలుగురు ప్రోగ్రామర్లు 1979లో బయటికెళ్లి యాక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. రాబినెట్ ఇంకో దారి తొక్కాడు. ఆటలోనే తన పేరు దాచాడు.

ఆ దాచిన తీరు చూడండి. నల్లకోట లోపలి చీకటి దారుల్లో, వంతెన వేసుకుంటే తప్ప చేరలేని ఒక మూసిన అర ఉంది. దాంట్లో ఒక చుక్క ఉంది. ఒకే ఒక్క చుక్క, అదీ వెనక నేల ఏ బూడిద రంగో ఆ రంగులోనే. కంటికి కనపడదు. తెలియకుండా దాని మీదుగా పోతే చేతికి తగులుకుంటుంది. దాన్ని మోసుకుంటూ, పసుపు కోట కింద పక్కనున్న ఒక గదికి తేవాలి. ఆ గదికి ఒక పక్క సన్నటి గీతలాంటి గోడ. మామూలుగా దాటలేం. అయితే అటారీ పెట్టెకు ఒక బలహీనత ఉంది. ఒక గదిలో రెండు వస్తువులకు మించితే అన్నీ మినుకు మినుకుమంటాయి. ఇంకొన్ని వస్తువులు ఆ గదికి చేరవేస్తే గోడ కూడా మినుకుమంటుంది. చుక్క చేతిలో ఉంటే ఆ గోడలోంచి అవతలికి పోవచ్చు. అవతల ఒక గది. దాంట్లో నిలువుగా, రంగులు మారుతూ, ఈ ఆటను సృష్టించింది వారెన్ రాబినెట్ అని ఉంటుంది.

పెట్టెకున్న లోపాన్నే తాళం చెవి చేసుకున్నాడు. ఉన్న కాస్త చోటులో దాదాపు ఇరవయ్యో వంతు ఈ గదికి పెట్టాడు. తోటి ఉద్యోగులకు కూడా చెప్పలేదు. చెబితే ఆ నోటా ఈ నోటా పైకి చేరి తీసేస్తారు. 1979లో ఉద్యోగం మానేశాడు. 1980లో ఆట బజారుకొచ్చింది. ఆ ఏడే సాల్ట్ లేక్ సిటీ నుంచి 15 ఏళ్ల కుర్రాడు కంపెనీకి ఉత్తరం రాశాడు. మీ ఆటలో ఇట్లాంటి గది ఉందని, ఎట్లా చేరాలో వివరంగా రాశాడు. కంపెనీ వాళ్లు నోరు తెరిచారు. దాన్ని తీసేసి కొత్త చిప్ అచ్చు పొయ్యాలంటే పది వేల డాలర్ల ఖర్చు. అప్పుడు అక్కడ అధికారిగా ఉన్న స్టీవ్ రైట్ ఒక మాటన్నాడు. ఈస్టర్ పండగ పొద్దున పెద్దవాళ్లు రంగులేసిన గుడ్లు తోటలో దాస్తారు, పిల్లలు వెతుక్కుంటారు. ఇది అట్లాంటిదే, ఉండనీ అన్నాడు. అప్పటి నుంచి ఆటల్లో దాచినదానికి ఈస్టర్ ఎగ్ అని పేరు పడింది. ఇంతకన్నా ముందు పేర్లు దాచినవాళ్లు ఉన్నారని తర్వాత బయటపడింది. 1977లో వచ్చిన స్టార్‌షిప్ 1 అనే ఆటలో ఒకాయన పెట్టిన పలకరింపు 40 ఏళ్లకు, 2017లో దొరికింది. కానీ వెతుక్కుంటూ పోయి చేరే ప్రయాణంలా దాచింది రాబినెట్.

ఇది చదివినప్పుడు నాకు దాసరి సుబ్రహ్మణ్యం గారు గుర్తొచ్చారు. మా తరం పిల్లలకు మాంత్రికులను, రాక్షసులను, పాతాళ దుర్గాలను ఇచ్చింది ఆయన. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం, ఇట్లా 12 ధారావాహికలు చందమామకు రాశారు. బొమ్మల కింద చిత్ర అనే సంతకం ఉండేది. కథ కింద రాసినవాడి పేరుండేది కాదు. మార్కాపురం పలకల మీద బలపంతో ఆ రాక్షసుల బొమ్మలు దింపుకున్న మాకు, పాతికేళ్లు దాటాక గానీ ఆ కథల వెనక ఒక మనిషి ఉన్నాడని తెలియలేదు. ఆయన ఎక్కడా గది దాచుకోలేదు. అభిమానులే వెతికి ఆయన పేరు వెలికితీశారు. రాబినెట్ చుక్క కన్నా ఇది నాకు పెద్ద సంగతిగా కనపడుతుంది.

జపాన్‌లో ఈ దాచే పని ఇంకో రకంగా పెరిగింది. 1984లో నామ్కో కంపెనీ టవర్ ఆఫ్ డ్రువాగా అనే ఆట తెచ్చింది. 60 అంతస్తులు. అంతస్తు అంతస్తుకీ ఒక పెట్టె దాగి ఉంటుంది, అది ఎట్లా బయటపడుతుందో ఆట చెప్పదు. ఒకచోట ఫలానా శత్రువును ముందు చంపాలి, ఇంకోచోట ఇంకేదో చెయ్యాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆటల దుకాణాల్లో ఒక నోటు పుస్తకం పెట్టేవాళ్లు. ఎవరికి ఏది దొరికితే అది దాంట్లో రాసిపోయేవాళ్లు. మొహం చూడని మనిషి రాసిన వాక్యం పట్టుకుని ఇంకొకడు పై అంతస్తుకెక్కేవాడు.

మాకు నోటు పుస్తకం లేదు గానీ ఆ సంగతి మాకూ తెలుసు. నా చిన్నప్పుడు మార్కాపురంలో వీడియో గేమ్ షాపు ఉండేది, గంటకింత అని. మారియోలో రెండో మెట్టు, నేలకింది సొరంగంలో పైకప్పు మీదికెక్కి నడుచుకుంటూ చివరిదాకా పోతే, ఒక రహస్య గది, దాంట్లో మూడు గొట్టాలు, వాటిల్లోంచి దూకితే ముందు లోకాలకు పోవచ్చు. ఈ సంగతి మాకు దర్శి నుంచి బంధువులింటికొచ్చిన ఒక పిల్లాడు చెప్పాడు. వాడి పేరు మర్చిపోయాను. చెప్పిన మాట మర్చిపోలేదు.

ఆ మారియోను చేసిన షిగెరు మియమోటో 1952లో క్యోటో దగ్గర సొనొబె అనే పల్లెటూళ్లో పుట్టాడు. చిన్నప్పుడు కొండల్లో తిరుగుతుంటే ఒక గుహ కనపడింది. ఒకసారి చూసి వెనక్కొచ్చేశాడు. మళ్లీ మళ్లీ పోయి, చివరికి లాంతరు పట్టుకుని లోపలికి దిగాడు. 1986 ఫిబ్రవరి 21న వచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డా ఆ గుహే. మొదటి తెరలోనే నల్లగా ఒక గుహ తలుపు. పొమ్మని ఎవరూ చెప్పరు. పోతే కత్తి దొరుకుతుంది. ఆ తర్వాత ఏ పొదను కాలిస్తే మెట్లు బయటపడతాయో, ఏ కొండను పేలిస్తే దారొస్తుందో మనమే చూసుకోవాలి. అడవి మొత్తం గుట్టు దాచుకున్నట్టే ఉంటుంది.

ఈ ఆటలోనే ఒక పొరపాటు వరమైంది. తకాషి తెజుకా అనే ఆయన నేలమాళిగలు గీస్తూ, ఉన్న చోటులో సగంలోనే అన్నీ సర్దేశాడు. మిగతా సగం ఖాళీ. దిద్దుదామంటే మియమోటో వద్దని, ఆ ఖాళీలో ఇంకో వరస నేలమాళిగలు పెట్టమన్నాడు. ఆట పూర్తిచేసినవాళ్లకు రెండో ఆట తెరుచుకుంటుంది. మొదట్లో పేరు రాసేచోట జెల్డా అని రాసుకున్నవాళ్లకైతే నేరుగా అదే వస్తుంది.

ఇక్కడి నుంచి స్కైరిమ్ దాకా దారి పొడుగే గానీ త్వరగా దాటొచ్చు. మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా కంపెనీ 1994లో, స్కైరిమ్ కూడా చేరే ఎల్డర్ స్క్రోల్స్ వరస మొదలుపెట్టింది. ఆ వరసలో 2002లో వచ్చిన మారోవిండ్‌లో ఎవరినైనా దారి అడిగితే మాటల్లో చెబుతారు. వంతెన దాటి, రెండు బండల మధ్య దారి చీలినచోట ఎడమకు తిరుగు అని. అచ్చం మన పల్లెల్లో "చింతచెట్టు కాడ ఎడంపక్కకు తిరుగు, ఎవరి ఇల్లని అడుగు" అన్నట్టు. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో దిక్సూచి మీద బాణం గుర్తు పెట్టారు. ఇక తల ఎత్తి చూడక్కర్లేదు, బాణం వెంట నడిస్తే చాలు. స్కైరిమ్‌లో ఆ బాణం ఇంకా బలపడింది. ఆట తనంతట తానే కొత్త పనులు పుట్టించి చేతికిస్తుంది, అవి ఎన్నటికీ అయిపోవు.

ఎన్నటికీ అయిపోని పనుల జాబితా ఎవరికి కావాలి? నాకు ఆఫీసులో ఉంది అది. ఈ విషయంలో నా మాట గట్టిదే. బాణం వచ్చాక ఆటలు సులువయ్యాయి, చిన్నవయ్యాయి కూడా. అందుకే అదే స్కైరిమ్‌లో బాణం లేని ఆ లైట్‌హౌస్ పెట్టిన మనిషికి, ఎవరైనా సరే, చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. చెయ్యమని చెబితే అది కూలిపని. ఆ కాగితాలు చదివి, ఆ మనిషి కోరిక నెరవేర్చాలని మా వాడికి వాడికే అనిపించింది. అనిపిస్తుందని ముందే నమ్మి ఎవరో ఆ మంట వెలిగించి పెట్టారు.

ఆ నమ్మకం మళ్లీ బలంగా తెచ్చినవాడు హిదెతకా మియజాకి. చిన్నప్పుడు ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేక లైబ్రరీకి పోయి, తనకు పూర్తిగా అర్థంకాని విదేశీ ఫాంటసీ పుస్తకాలు తెచ్చుకునేవాడు. తెలియని చోట్లను బొమ్మలు చూసి, ఊహించి పూరించుకునేవాడు. పెద్దయ్యాక ఆయన చేసే ఆటలూ అట్లాగే ఉంటాయి. 2022 ఫిబ్రవరి 25న వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో పనుల జాబితా అనేదే లేదు. ఎవరో దారిలో నాలుగు మాటలు చెబుతారు, గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ వాళ్లను వెతుక్కోవాలి. ఇట్లా చేస్తే ఎవరు కొంటారని అన్నవాళ్లున్నారు. ఏడాదిలో 2 కోట్ల కాపీలు అమ్ముడైంది.

ఇదంతా మా వాడికి ఒకరోజు పొద్దున టీ తాగుతూ చెప్పాను. అంతా విని, "మన దగ్గర ఇట్లాంటివి ఏమున్నాయి బాబాయ్?" అన్నాడు.

బండి తీశాను. దొనకొండ స్టేషన్ నుంచి వాయవ్యంగా 10 కిలోమీటర్లు పోతే చందవరం. గుండ్లకమ్మ ఒడ్డున 60 అడుగుల చిన్న గుట్ట. దాన్ని సింగరకొండ అంటారు. అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి ఉన్న సింగరకొండ వేరు. ఈ గుట్ట మీద శాతవాహనుల కాలపు మహాస్తూపం ఉంది. మెట్టు మీద మెట్టుగా రెండు వేదికల మీద కట్టింది. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దీన్ని కనుక్కునేదాకా లోకానికి తెలియదు. 1972 నుంచి 1977 దాకా నాలుగు విడతలు తవ్వారు. చిన్న స్తూపాలు, మొక్కుబడి స్తూపాలు, పాలరాతి లాంటి సున్నపురాయి మీద చెక్కిన పలకలు బయటపడ్డాయి. కాశీకి, కంచికి మధ్య నడిచే భిక్షువులు ఇక్కడ ఆగేవాళ్లని చెబుతారు. కాశీ మజిలీ అన్నమాట, మన ఊరి పక్కనే.

ఇక్కడి పలక ఒకటి చాలా దూరం పోయొచ్చింది. బుద్ధుడికి మొక్కుతున్న భక్తులను చెక్కిన ఆ రాయి ఇక్కడి నుంచి దొంగల చేతుల్లో పడి దేశం దాటింది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని న్యూయార్క్‌లో కొన్నది. అది చందవరం రాయేనని పాత ఫొటోతో పోల్చి తేల్చాక, 2016లో భారతదేశానికి అప్పగించారు.

మేం పోయినప్పుడు గుట్ట మీద మేమిద్దరమే. మా వాడు స్తూపం చుట్టూ తిరిగి, ఒకచోట కూర్చుని నేల మీద చెయ్యి పెట్టాడు. ఇటుకలు వెడల్పుగా, మన ఇప్పటి ఇటుకకు రెండింతలున్నాయి. ఒకదాని మీద వేలిముద్ర లాంటి గుంట ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో నొక్కినట్టుంది. వాడు ఆ గుంటలో తన వేలు పెట్టి చూశాడు. కింద గుండ్లకమ్మలో నీళ్లు లేవు, ఇసుక మెరుస్తోంది. దిగేముందు ఒకటే అడిగాడు. "ఇన్నేళ్లు ఇక్కడే ఉండి నాకెందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. దొనకొండ రైలు దిగి పోయేవాళ్లలో ఎక్కువమంది ఆ గుట్ట వైపు తిరగరు.

గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలు దారిలో వినుకొండ దాటాక దొనకొండ వస్తుంది. ఇటువైపు వస్తే ఒక పూట మిగుల్చుకుని చందవరం పోయి చూడండి. ఎండాకాలమైతే పొద్దున ఎనిమిదికల్లా గుట్ట ఎక్కండి, నీళ్లు వెంట తీసుకుపోండి. పిల్లలుంటే వాళ్లను ముందు నడవనివ్వండి.